మాస్కో డాక్టరు కనిపెట్టిన మరపు

నెల్లూరులో నేను నర్సుగా ఉన్న వార్డులో, సారాకు బానిసైన ఒకాయన చిన్ననాటి తిరునాళ్లను పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "పొద్దున ఏం తిన్నావు పెద్దాయనా?" అంటే, తినని చేపల పులుసు తిన్నానని నమ్మకంగా చెప్పేవాడు. అది అబద్ధం కాదు, జబ్బు. మాస్కోలో సెర్గీ కోర్సకోవ్ 1887లో దీన్నే వర్ణించాడు: రోగి తెలివిగానే మాట్లాడతాడు, ఇందాక వచ్చివెళ్లిన డాక్టరును మాత్రం ఎరగడు. అంతకుముందే, 1881లో, బెర్లిన్‌లో కార్ల్ వెర్నికె ముగ్గురు రోగుల మెదళ్లలో రక్తస్రావం చూశాడు, ఇద్దరు తాగుబోతులే. ఆ మరపుకూ, ఈ రక్తస్రావానికీ మూలం బి1 విటమిన్ లోపమేనని తేలేసరికి దశాబ్దాలు గడిచాయి. తాగేవాడు సరిగా తినడు, తిన్నదీ ఒంటికి పట్టదు. 1936లో ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి పూర్తిగా తిరిగిరావడం అరుదు. అందుకే తాగుడు కేసు వస్తే, గ్లూకోజు ఎక్కించేముందు బి1 ఇంజెక్షన్ రాశారా అని డ్యూటీ డాక్టరును తప్పకుండా అడిగేదాన్ని.