తలనొప్పి రకాలు, వాటి వ్యాప్తి

తలనొప్పి లేక శిరోవేదన జీవితంలో ఒక్కసారైనా ఎరుగనివారు బహు అరుదు. డెన్మార్కులో 25 నుండి 64 ఏండ్ల వయస్సు గల 740 మందిపై జరిపి 1991లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పురుషులలో 93 శాతం, స్త్రీలలో 99 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు దీనికి గురైనవారే. అయితే అన్ని తలనొప్పులూ ఒక్కటి కావు. ఇతర వ్యాధి కారణంగా కాక తమంతట తామే వచ్చేవాటిని ప్రాథమిక తలనొప్పులనీ, జ్వరం, తలకు దెబ్బ వంటి కారణాలవలన వచ్చేవాటిని ద్వితీయ తలనొప్పులనీ అంటారు.

ప్రాథమిక తలనొప్పులు

వీటిలో అత్యధికంగా కనిపించేది టెన్షన్ తలనొప్పి. తలచుట్టూ పట్టీ బిగించినట్లుంటుంది. పై అధ్యయనంలో పురుషులలో 69, స్త్రీలలో 88 శాతం మందికి ఇది వచ్చింది. సాధారణంగా పని మానిపించేంత తీవ్రంగా ఉండదు కనుక దీనికై వైద్యుని వద్దకు వెళ్ళేవారు తక్కువ.

రెండవది మైగ్రేన్. తెలుగులో పార్శ్వపు నొప్పి అంటారు గాని, ఇది తలకు రెండు వైపులా కూడా రావచ్చును. వాంతులు, వెలుతురును, శబ్దాన్ని ఓర్వలేకపోవడం దీని లక్షణాలు. చికిత్స లేనిచో నాలుగు గంటల నుండి మూడు రోజుల వరకు ఉంటుంది. డెన్మార్కులో పురుషులలో 8, స్త్రీలలో 25 శాతం మంది జీవితకాలంలో దీనికి లోనయ్యారు. బెంగుళూరు, దాని పరిసర గ్రామాలలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క సంవత్సర కాలంలోనే వయోజనులలో దాదాపు నాల్గవ వంతు మందికి మైగ్రేన్ ఉన్నట్లు తేలింది. ప్రపంచ సగటు సుమారు 14 శాతమే.

కంటి చుట్టూ భరింపరాని నొప్పి కలిగించే క్లస్టర్ తలనొప్పి వేయిమందిలో ఒకరికి వస్తుంది. ఇది పురుషులలో ఎక్కువ.

సంఖ్య, బాధ

ఎక్కువమందికి వచ్చే రకమే ఎక్కువ నష్టం కలిగిస్తుందనుకోవడం పొరపాటు. 2016 నాటి ప్రపంచవ్యాప్త అంచనాలో టెన్షన్ తలనొప్పి 189 కోట్ల మందికి, మైగ్రేన్ 104 కోట్ల మందికి ఉన్నది. కాని వైకల్యంతో గడచిన సంవత్సరాలు లెక్కించగా మైగ్రేన్ వలన 4.5 కోట్లు, టెన్షన్ తలనొప్పి వలన 72 లక్షలు మాత్రమే.

నెలలో 15 రోజులు లేక అంతకు మించి తలనొప్పి ఉండేవారు నూటికి నలుగురైదుగురు. వీరిలో కొందరికి నొప్పిమాత్రలు అతిగా వాడడమే కారణం.

ద్వితీయ తలనొప్పులు

వీటిలో జ్వరంతో వచ్చేది సర్వసాధారణం. చాలామంది భయపడే మెదడు కంతి చాలా అరుదైన కారణం. హఠాత్తుగా వచ్చే తీవ్రమైన నొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోవడం, కాలుచేతులు చచ్చుబడడం ఉన్నచో వెంటనే వైద్యుని సంప్రదించాలి. యాభై ఏండ్లు దాటిన తరువాత మొదటిసారిగా మొదలయ్యే తలనొప్పిని కూడా వైద్యునికి చూపించుకోవాలి.