ఆవిరికి పూచీ ఎవరు?

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారి కృష్ణానదిని బీచుపల్లి దగ్గర దాటుతుంది. ఒడ్డునున్న ఆంజనేయస్వామి గుడి వల్ల ఆ పేరు అందరికీ తెలుసు. ఈ ప్రాంత పల్లీ రైతులకు మాత్రం అక్కడి ఆయిల్‌ఫెడ్ నూనె మిల్లు వల్ల కూడా తెలుసు. ఏళ్ల తరబడి మూతపడిన ఆ మిల్లు ఊరికి ఇప్పుడు పామాయిల్ ఫ్యాక్టరీ వస్తుందన్న మాట వినిపిస్తోంది. పల్లీలైనా పామాయిల్ గెలలైనా పెద్ద ఎత్తున నూనె తీయాలంటే ఆవిరి కావాలి. గెలలను సాధారణంగా స్టెరిలైజర్ అనే ఉక్కు పాత్రలో బిగించి, చదరపు సెంటీమీటరుకు 3 కిలోల పీడనంతో ఆవిరి పట్టి ఉడికిస్తారు. అంకె చిన్నదే. కానీ మీటరు వ్యాసమున్న తలుపు మీద అది 23 టన్నులు దాటిన తోపుడు. ఆ తలుపు ఆగుతుందని సంతకం చేసే ప్రెషర్ వెసెల్ ఇన్‌స్పెక్టరుకు చదువూ పరీక్షా తప్పనిసరే. అయితే ఆ సంతకానికి విలువ తెచ్చేది అవి మాత్రమే కాదు, యజమానికి లోబడని స్థానం కూడా. ఈ వృత్తి చరిత్రంతా ఆ మాటకే సాక్ష్యం.

మన దేశంలో ఈ చరిత్ర ఒక పేలుడుతో మొదలైంది. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి పలువురు చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాల్ ప్రభుత్వం ఆవిరి బాయిలర్ల తనిఖీకి చట్టం చేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తనకు తోచిన చట్టం తెచ్చుకుంది. బొంబాయిలో ఒక దశలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుతో పాటు బీమా కంపెనీల తనిఖీని కూడా చట్టం ఒప్పుకుంది. ఎవరిని పిలవాలన్నది యజమాని ఇష్టం. అప్పుడు కంపెనీలు గిరాకీ కోసం పోటీపడ్డాయి, ఆ పోటీలో తనిఖీ పలచబడింది. చివరికి ఆ ఏర్పాటును ఎత్తేయాల్సి వచ్చింది. రకరకాల చట్టాల గందరగోళాన్ని తొలగించడానికి 1923లో భారత బాయిలర్ల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనిదే, గడువున్న సర్టిఫికెట్ లేనిదే బాయిలర్ వెలిగించరాదన్న నియమం దానిదే. బీచుపల్లి చుట్టుపక్కలి గద్వాల, వనపర్తి సంస్థానాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాయి కనుక బ్రిటిష్ ఇండియా చట్టం ఇక్కడికి నేరుగా రాలేదు.

బాయిలర్‌కు దక్కిన ఈ శ్రద్ధ, నిప్పు తగలని పీడన పాత్రలకు అంతగా దక్కలేదు. స్టెరిలైజర్ వంటివాటి సంగతి 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ చూసేది. గ్యాస్ నిలవచేసే ట్యాంకులకు 1981లోనూ, మళ్లీ 2016లోనూ వేరే నిబంధనలు వచ్చాయి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలోకి 'సమర్థ వ్యక్తి' అనే హోదా చేరింది. 2007 సవరణతో బాయిలర్ల చట్టంలోకీ అదే వచ్చింది. అంటే ప్రభుత్వోద్యోగి కాని నిపుణుడు కూడా, గుర్తింపు పొందితే, పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఆ నైపుణ్యం తక్కువదేమీ కాదు. పాత్ర గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచి, ఏటా ఎంత అరుగుతోందో లెక్కకట్టి, ఇంకెన్నేళ్లు నిలుస్తుందో తేల్చాలి. హైడ్రాలిక్ పరీక్షలో గాలి కాకుండా నీళ్లే ఎందుకు నింపాలో తెలియాలి. నీరు దాదాపు కుదించుకుపోదు కనుక పాత్ర పగిలినా చీలి కారుతుందే తప్ప బాంబులా పేలదు. గల్ఫ్ రిఫైనరీల్లో పనికొచ్చే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి 510 సర్టిఫికెట్‌కైతే చదువు తక్కువైన కొద్దీ అనుభవం ఎక్కువ చూపాలి, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఇంత కఠినమైన పరీక్షలు నెగ్గినవాణ్ణి నమ్మడానికేం అని అడగవచ్చు. నిపుణుడి తెలివిని ఎవరూ శంకించనక్కర్లేదు. బొంబాయి బీమా కంపెనీలు దిగజార్చింది తనిఖీని, తనిఖీ చేసేవాళ్ల చదువును కాదు. మరి అమెరికాలో 1866లో మొదలైన హార్ట్‌ఫర్డ్ బీమా సంస్థ ప్రైవేటుగానే బాయిలర్ల భద్రతను పెంచలేదా? పెంచింది. బాయిలర్ పేలితే నష్టపరిహారం చెల్లించేది తానే కనుక, గట్టిగా చూడటంలో దానికి సొంత లాభం ఉంది. ఫీజు తీసుకుని కాగితమిచ్చే నిపుణుడికి ఆ భయం లేదు. కఠినంగా ఉంటే వచ్చే ఏడాది పిలుపు రాదన్న భయం మాత్రం ఉంది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు చాలరు, వాళ్ల కోసం ఆగితే సీజను పోతుంది, లంచాలకూ దారి దొరుకుతుంది అన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. పంట కోతకొచ్చాక గెలలు ఆగవు, ఆలస్యమైతే నూనె నాణ్యత పోతుంది. ఈ మాట కొట్టిపారేయలేం. అయితే అది తనిఖీదారుల సంఖ్య పెంచమనే వాదన. వాళ్లను ఎంచుకునే హక్కు యజమానికి ఇవ్వమనే వాదన కాదు.

ఈ రెండింటినీ విడదీస్తే దారి కనిపిస్తుంది. గుర్తింపు పొందిన ప్రైవేటు నిపుణులు ఉండనివ్వండి. ఫీజు మిల్లు నుంచే వసూలు చేయండి. కానీ ఏ మిల్లుకు ఎవరు వెళ్లాలో వరుస జాబితా నుంచి బాయిలర్ల శాఖ, ఫ్యాక్టరీల శాఖ నిర్ణయించాలి, ఫీజు శాఖ ద్వారా చేరాలి. తప్పుడు సర్టిఫికెట్‌కు నిపుణుడి గుర్తింపు పోవాలి. బీచుపల్లి లాంటి చోట కొత్త మిల్లు వస్తే పని దొరికేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే, స్టెరిలైజర్ తలుపు ముందు నిలబడేదీ వాళ్లే. సర్టిఫికెట్ వాళ్ల ప్రాణాల కోసం కనుక, దానిమీద సంతకం చేసేవాణ్ణి మిల్లు యాజమాన్యం ఎంచుకోకూడదు.