గోడ మీది దోమను చూపించినవాడు

శాలిబండలో ఓ పాత ఇల్లు. వాకిట్లో వాడకం లేని హౌజు, దాని వెనక మూతలేని బావి. మునిసిపాలిటీ కీటక విభాగం మనిషి గడప దగ్గరే ఆగి, “ఖాలా, ఒక్కసారి నీళ్లు చూసిపోతం” అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని పక్కకు జరిగింది. పొడుగు కాడ ఉన్న గరిటెను హౌజు అంచున ఏటవాలుగా వాల్చి, నీరు కదలకుండా పైకి తీసి తెల్లటి పళ్లెంలో పోశాడు. ఏడెనిమిది లార్వాలు. చాలావరకు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒక్కటి మాత్రం నీటిమీద గడ్డిపరకలా పడుకుని ఉంది.

“అవన్నీ క్యూలెక్స్, సార్. ఇదొక్కటి అనాఫిలిస్. దీనికి తోకకు గొట్టం ఉండదు. అందుకే పైన పండుకొని ఊపిరి తీస్తది.”

ఈ తేడా తెలియకే రోనాల్డ్ రాస్ రెండేళ్లపాటు మలేరియాతో సంబంధం లేని దోమల్ని కోశాడు. 1895లో సికింద్రాబాద్‌కు వచ్చిన ఆ సైనిక వైద్యుడికి దొరికినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. జ్వరపు రోగుల్ని కుట్టించి, వందలకొద్దీ కోసి చూశాడు. ఏమీ కనబడలేదు. 1897 వేసవిలో నీలగిరుల దిగువన సిగూరు లోయకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. అక్కడే రెక్కల మీద మచ్చలున్న దోమ ఒకటి అతని కంటపడింది. తిరిగొచ్చాక బేగంపేట ఆసుపత్రి చుట్టుపక్కల నీళ్లన్నీ మళ్లీ గాలించడం మొదలైంది.

ఆ ఆగస్టు మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఆసుపత్రి సహాయకుడొకరు గోడ మీద తోక పైకెత్తి కూర్చున్న దోమను రాస్‌కు వేలుపెట్టి చూపించాడు. అనాఫిలిస్ కూర్చునే తీరు అదే. అంతలోనే లార్వాలు తెచ్చే మనిషి సీసాలో నుంచి పెద్ద గోధుమరంగు దోమలు పుట్టుకొచ్చాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని వదిలారు. కుట్టిన దోమకు అణా చొప్పున అతని చేతికి పది అణాలు వచ్చాయి.

20వ తేదీ. ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని రాస్ ఆపించాడు. కళ్లలో ఈగలు ముసురుతున్నాయి. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. నాలుగు రోజుల కింద నెత్తురు తాగిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటి లోపల మలేరియా క్రిమిలో ఉండే నల్లటి రేణువులే. మర్నాడు చివరి దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. ఆ రెండు దోమల గురించే డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మరుసటి ఏడాది కలకత్తాలో పిట్టల మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతుందని తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది.

1923లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాస్ ఆ సహాయకుడి ప్రస్తావన తెచ్చి, అతని పేరు మరిచిపోయినందుకు చింతిస్తున్నానని రాసుకున్నాడు. దోమ గోడ మీద ఎలా కూర్చుందో గుర్తుంది, చూపించిన మనిషి పేరు మాత్రం లేదు. దాచకుండా చెప్పినందుకు రాస్ మీద గౌరవమే. అయినా ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నల్లకుంట జ్వరాల దవాఖానకు రాస్ పేరే పెట్టారు. జనం నోట అది ఇప్పటికీ కోరంటి దవాఖానే.

దోమల వేట అతన్ని దీవులకూ తీసుకెళ్లింది. 1907 చివర్లో మారిషస్‌లో దిగాడు. 1860లలో అక్కడ మలేరియా వేలమందిని పొట్టనపెట్టుకుంది. మన కోరంగి రేవు నుంచి ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి చేరిన తెలుగువాళ్లు బతికిన దీవి అది. రాస్ అక్కడి తోటల్లో, బళ్లలో పిల్లల ప్లీహం వాపు లెక్కలు తీయించాడు. చిత్తడి నేలలు, వాగుల అంచులు వెతికించి లార్వాల జాడ రాబట్టాడు. నివారణ మీద 1908లో నివేదిక ఇచ్చాడు. పద్ధతి మాత్రం బేగంపేటదే: ముందు నీళ్లు వెతకాలి.

పాతబస్తీలో ఆ వెతుకులాట ఒక్కో నీటికి ఒక్కో రకం. మూసీ మురుగులో, గుర్రపుడెక్క కింద క్యూలెక్స్. కూలర్లలో, టైర్లలో, పూలకుండీ పళ్లేల్లో డెంగీ తెచ్చే ఏడిస్. బావుల్లో, మేడ మీది ట్యాంకుల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ. అందుకే ఇల్లు ఇల్లూ ఎక్కాలి, ఇంటివాళ్లు తలుపు తీయాలి. మందు చల్లే బండి వెనక పిల్లలు పరిగెత్తుతారు గానీ, గరిటె పట్టుకొచ్చిన మనిషిని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

శాలిబండ ఇంట్లో అతను హౌజు నీళ్లు వంపించేశాడు. బావి దగ్గర వంగి, ప్లాస్టిక్ సంచి ముడి విప్పి గంబూసియా చేపపిల్లల్ని వదిలాడు. అవి ఓ క్షణం గుంపుగా ఆగి, నీడ వైపు చెదిరిపోయాయి. పుస్తకంలో ఇంటి నంబరు రాసుకుంటుంటే అతని పేరు అడిగాను. పని ఆపకుండానే చెప్పాడు. నా పుస్తకంలో రాసుకున్నాను.