చదరంగపు చిక్కుముడులు, యంత్రపు తీర్పులు

చతురంగం భారతదేశంలో పుట్టి, పారశీకం మీదుగా అరబ్బు దేశాలకు చేరి 'షత్రంజ్' అయింది. ఆటతోపాటే, అందులోని కఠిన స్థితులను విడిగా పేర్చి పండితుల ముందుంచే సంప్రదాయమూ అక్కడ వర్ధిల్లింది. 10వ శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫాల ఆస్థానానికి చెందిన అస్-సూలీ ఒక స్థితిని పేర్కొని, తాను నేర్పినవారికి తప్ప అది మరెవరికీ అంతుపట్టదన్నాడు. బల్లపై ఉన్నవి రెండు పక్షాల రాజులు, మంత్రులు. అంటే నాలుగే పావులు. 1980లలో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్బాఖ్ దాని పరిష్కారాన్ని వెల్లడించేసరికి వెయ్యేళ్లు గడిచిపోయాయి.

కంప్యూటర్ కూడా చదరంగంలో తొలి అడుగు వేసింది సమస్యాపరిష్కారంతోనే. 1951 నవంబరులో మాంచెస్టర్‌లో డీట్రిష్ ప్రింట్స్ రాసిన ప్రోగ్రాం, ఫెరాంటీ మార్క్ 1 యంత్రంపై, రెండెత్తుల్లో ఆట కట్టించే మార్గాన్ని కనిపెట్టింది. సాధ్యమైన ఎత్తులన్నింటినీ వరుసగా పరీక్షించడమే దాని పద్ధతి. అయితే సంపూర్ణమైన ఆటను ఈ రీతిన శోధించడం అసాధ్యమని 1950లోనే క్లాడ్ షానన్ నిరూపించాడు. ఆయన అంచనా ప్రకారం సాధ్యమైన ఆటల సంఖ్య 1 పక్కన 120 సున్నాలు.

యంత్రం ఏది చూడగలదో, ఏది చూడలేదో తేల్చడానికి 1982లో ఇవాన్ బ్రాట్కో, డానీ కోపెక్ 24 పరీక్షాస్థితులను ప్రకటించారు. వాటిలో సగం మెరుపుదాడికి సంబంధించినవి. సగం బంటును నిదానంగా ముందుకు నెట్టి ప్రత్యర్థి కట్టడిని సడలించేవి. మొదటి వర్గంలో రాణించిన ప్రోగ్రాములు రెండవ వర్గంలో తడబడ్డాయి. లెక్క వేరు, వివేచన వేరు అన్న సంగతి ఆ విధంగా అంకెల్లోకి వచ్చింది.

ఇంతలో వేరొక మార్గం తెరుచుకుంది. ఆట కట్టిన స్థితి నుంచి వెనక్కి నడుస్తూ, కొద్దిపాటి పావులతో ఏర్పడే ప్రతి స్థితికీ ఫలితాన్ని నిర్ణయించే పద్ధతిని కెన్ థాంప్సన్ ఆచరణలో పెట్టాడు. రెండు శకట్లకు ఎదురుగా ఒక్క గుర్రం ఉంటే, ఒకానొక అమరికలో గుర్రం కోట కట్టుకుని ఆటను సమం చేయగలదని 1851లో క్లింగ్, హార్విట్జ్ ప్రతిపాదించారు. శతాబ్దానికి పైగా అందరూ దానినే విశ్వసించారు. 1983లో థాంప్సన్ యంత్రం ఆ కోట నిలవదని, గెలుపునకు అత్యధికంగా 66 ఎత్తులు పట్టవచ్చని తేల్చింది. అయితే పావు పోకుండా, బంటు కదలకుండా 50 ఎత్తులు గడిస్తే ఆట సమమన్నది నియమం. సత్యం ఒకవైపు, శాసనం ఒకవైపు నిలిచాయి. అంతర్జాతీయ సమాఖ్య కొన్ని ముగింపులకు ఆ గడువును పెంచి చూసి, 1992లో మళ్లీ అన్నింటికీ 50నే స్థిరపరిచింది.

1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించాక యంత్రం మాటకు తిరుగులేదన్న అభిప్రాయం బలపడింది. 2017లో పెన్‌రోజ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన స్థితి దానిని సవాలు చేసింది. నల్లపక్షానికి మంత్రి, రెండు ఏనుగులు, మూడు శకట్లు. తెల్లపక్షానికి రాజు, నాలుగు బంట్లు. బలగాన్ని లెక్కించిన ప్రోగ్రాములు నల్లపక్షానిదే గెలుపన్నాయి. కాని మంత్రి, ఏనుగులు బంట్ల మధ్య బందీలు. శకట్లు మూడూ నల్లగళ్లలోనే తిరిగేవి. తెల్లరాజు తెల్లగళ్లు వీడకుంటే చాలు, అతనిని పట్టగలవారు లేరు. ఆటతో పరిచయమున్న మనిషికి ఇది కొద్ది నిమిషాల ఆలోచన.

కాబట్టి యంత్రం చెప్పే మాటలు రెండు రకాలని గుర్తించాలి. రాజులతో కలిపి ఏడు పావుల లోపు స్థితులకు అది ఇచ్చేది నిరూపణ. 2018 నాటికి ఆ పట్టికలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అంతకు మించిన వాటికి అది ఇచ్చేది అంచనా మాత్రమే, ఎంత గొప్పదైనా సరే. నిరూపణ సైతం ఫలితాన్ని చెబుతుందే గాని కారణాన్ని బోధించదు. ఆ కారణాన్ని వెదికి, మరొకరికి అర్థమయ్యే భాషలో చెప్పే పని అస్-సూలీ నాటిలాగే నేటికీ గురువుదే.