నారోబోట్

ఇంగ్లండ్, వేల్స్ కాలువల్లో తిరిగే సన్నని, పొడవాటి పడవ. 18వ శతాబ్దపు ఇరుకు లాకుల్లో పట్టేలా వెడల్పు సుమారు 7 అడుగులు, పొడవు గరిష్ఠంగా 72 అడుగులు ఉంటుంది. తొలినాళ్లలో గుర్రాలు లాగిన ఈ పడవలు బొగ్గు వంటి సరుకులు మోసేవి. పడవవారి కుటుంబాలు వెనుకనున్న చిన్న గదిలోనే కాపురముండేవి. ఎల్.టి.సి. రోల్ట్ రాయగా 1944లో ప్రచురితమైన ‘నారో బోట్’ పుస్తకం కాలువల పరిరక్షణ ఉద్యమానికి ప్రాణం పోసింది.

నేడు ఎందరికో నారోబోటే ఇల్లు. 1995 నాటి చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ సాధారణంగా ఒకేచోట 14 రోజులకు మించి ఆగరాదు. కొత్త రేవుకు మారేవారు నీటి లోతు, మంచినీరు, మురుగు పారవేసే వసతి, విద్యుత్తు చూసుకుంటారు. ఏడాది పొడవునా నివసించే అనుమతి అన్ని రేవుల్లోనూ ఉండదు. ఇంగ్లండ్, వేల్స్ కాలువల్లో అధికభాగం 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నిర్వహణలో ఉంది.