చేపకంటి చూపు

మీననేత్రమన్నచో మన కవులకు అందమైన కన్ను. మీనాక్షి యను పేరు మన ఇండ్లలో ఎందరికో కలదు. అయితే ఆ పోలికలో మనము చేప కంటిని వెలుపలినుండి చూచుచున్నామే గాని, ఆ కంటిలోనుండి లోకమెట్లు కనబడునో ఆలోచించుట లేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1906వ సంవత్సరమున ఆ ప్రశ్న వేసికొనెను. దానికి సమాధానముగా పుట్టినదే నేడు ఛాయాగ్రాహకులు ఫిష్‌ఐ లెన్సు అని పిలుచు కటకము. గుడి మండపమంతయు ఒక గుండ్రని బిళ్లలో ఇమిడిపోయి, స్తంభములు విండ్లవలె వంగి కనబడు ఛాయాచిత్రములను మనలో చాలమంది చూచియే యుందురు. ఇది వింత కొరకు కల్పించిన కనుకట్టు అని పలువురి అభిప్రాయము. ఆ అభిప్రాయమెంతవరకు సరియైనదో తెలియవలెనన్నచో దీని చరిత్రను కొంత తడవవలసి యున్నది.

ముందుగా నీటి సంగతి చూతము. నిశ్చలమైన చెరువు అడుగున పడుకొని పైకి చూచువానికి నీటిపైనున్న లోకమంతయు ఒక గుండ్రని కిటికీలో కనబడును. గాలినుండి నీటిలో ప్రవేశించు వెలుగు వంగుటయే ఇందుకు కారణము. నీటి వక్రీభవన గుణకము 1.33. నీటి మట్టమును ఒరసికొనుచు వచ్చిన కిరణము సైతము లోనికి దిగునప్పటికి నిట్టనిలువు గీతతో సుమారు 48.6 డిగ్రీల కోణమునకు వంగిపోవును. కావున గట్టునుండి గట్టువరకు 180 డిగ్రీల మేర వ్యాపించిన దృశ్యమంతయు లోపల సుమారు 97 డిగ్రీల శంకువులో ఒదిగిపోవును. గట్టుమీది చెట్లు, మనుష్యులు ఆ కిటికీ అంచున నొక్కుకొని కనబడుదురు. కిటికీకి వెలుపల నీటిమట్టము అద్దమువలె పనిచేసి చెరువు అడుగునే చూపును.

వుడ్ ఈ దృశ్యమును ఫోటో తీయ సంకల్పించెను. ఆయన సాధనము అతి సామాన్యమైనది: ఒక బాల్చీ. దాని అడుగున ఫోటో ఫలకము, నడుమ సన్నని బెజ్జముతో కూడిన చిన్న కటకము, నిండుగా నీరు, అలలు లేవకుండ పైన ఒక గాజుపలక. అటుపిమ్మట కటకము సైతము అక్కరలేకుండ, నీరు నింపిన తొట్టె ప్రక్కను సూదిబెజ్జము పెట్టి, దానిని ముందునకు త్రిప్పి చిత్రములు తీసెను. చేప చూపు అను పేరు ఆయన పెట్టినదే. ఆకాశమంతటిని ఒక్కసారిగ పట్టగల ఈ పద్ధతితో ఎండను నమోదుచేయు యంత్రమును నిర్మింపవచ్చునని ఆయన సూచించెను. తన చిత్రములు పత్రికలలో వచ్చు వింతబొమ్మలను తలపించుచున్నవని కూడ ఆయనయే చమత్కరించెను. శాస్త్రసాధనమా, వినోదవస్తువా యను సందేహము ఈ విధముగ పుట్టుకతోనే దీనిని వెన్నంటినది.

నీళ్ల బాల్చీ మోసికొని తిరుగుట సులభము గాదు. 1922లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త డబ్ల్యు. ఎన్. బాండ్ నీటికి బదులు అర్ధగోళాకృతి గల గాజును వాడి మేఘములను చిత్రించు మార్గము చూపెను. ఆ మరుసటి ఏడు కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్ అను యువకుడు మూడు గాజు కటకములతో ఒక అమరికను రూపొందించి పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. చంద్రవంకవలె వంగి, వెలుపలికి ఉబ్బిన మొదటి గాజు వెడల్పైన కోణములనుండి వచ్చు కిరణములను లోనికి మళ్లించి తక్కిన కటకములకు అందించును. 1924లో వాతావరణ శాస్త్రపత్రికలో హిల్ దీనిని వివరించెను. లండనులోని ఆర్. అండ్ జె. బెక్ సంస్థ దీనిని తయారుచేసినది. ఆకాశ కటకమనియే దానికి పేరు. మబ్బులు ఎంతమేర కమ్మినవో ఒక్క చిత్రములో లెక్కించుట దాని ప్రయోజనము.

ఇక గీతలు వంగుట ఎందుకో విచారింతము. సామాన్య కటకము సరళరేఖను సరళరేఖగనే చూపును. కాని అందుకు మూల్యము చెల్లింపవలెను. చూపు నడిమి గీతనుండి 45 డిగ్రీల దూరమున నున్న వస్తువు చిత్రమధ్యమునకు ఒక నాభ్యంతరము ఎడమున పడును. 80 డిగ్రీల యందలిది 5.67 రెట్ల ఎడమున. 89 డిగ్రీల యందలిది 57 రెట్ల ఎడమున. 90 డిగ్రీలకు ఎంత పెద్ద ఫిల్మైనను చాలదు. చేపకంటి కటకములలో పెక్కింటిది వేరొక నియమము: కోణమెంత పెరిగిన దూరమంత పెరుగును. ఆ లెక్కన 90 డిగ్రీలయందలి దిగంతము సైతము మధ్యమునకు 1.57 నాభ్యంతరముల ఎడముననే నిలుచును. చిత్రమధ్యముగుండ పోవు గీతలు తిన్నగనే యుండును, తక్కినవి వంగును. గోళాకారమైన భూమిని కాగితముపై పరచువాడు ఏదో ఒక గుణమును విడువక తప్పనట్లే, ఇచ్చటను విడుపు తప్పదు. చేపకన్ను గీతల తిన్నదనమును విడిచి కోణముల లెక్కను నిలుపుకొన్నది. దీనిని అబద్ధమనుట న్యాయము గాదు. అది వేరొక కొలబద్ద.

ఆ కొలబద్ద అడవులలో గొప్పగా అక్కరకు వచ్చినది. 1959లో కేంబ్రిడ్జి వృక్షశాస్త్రజ్ఞులు ఇవాన్స్, కూంబ్ అనువారు చెట్లక్రింద నేలనుండి ఆకాశమును అర్ధగోళ చిత్రములుగ తీసి, వానిపై సూర్యుని దారిని గీచి, ఏ వేళ ఎండ కొమ్మల సందులనుండి నేలకు దిగునో అంచనా కట్టిరి. కోణము తప్పని చిత్రమైనందుననే ఇది సాధ్యమైనది. ఆకాశ కటకమును నిర్మించిన హిల్ అనంతరకాలమున జీవరసాయన శాస్త్రజ్ఞుడై, 1930వ దశకము చివర ఆకుపచ్చని హరితరేణువులు వెలుగు సోకినప్పుడు ప్రాణవాయువును విడుచు తీరును నిరూపించెను. దానినే హిల్ చర్య యందురు. ఆకాశము వైపు కన్ను తెరచినవాడే ఆకు వెలుగుతో చేయు పనిని వెలికి తీయుట ఈ చరిత్రలో ముచ్చటైన ఘట్టము.

కళాకారులు దీనిని విడువలేదు. జర్మనీలో ఏ.ఇ.జి. సంస్థకు 1932లో పేటెంటు పొందిన కటకముతో ఉంబో అను పేర ప్రసిద్ధుడైన ఛాయాగ్రాహకుడు 1937 ప్రాంతమున నగరదృశ్యములను కొత్త రీతిలో తీసెను. జపానులో నిప్పన్ కొగాకు సంస్థ 1938లో ప్రయోగాత్మకముగ ఒక కటకమును నిర్మించినది. అదే సంస్థ 1962లో తన నికాన్ కెమెరాకు అమర్చదగిన 8 మిల్లీమీటర్ల ఫిష్‌ఐ నికార్‌ను విక్రయమునకు తెచ్చినది. దాని వెనుకభాగము కెమెరాలోనికి చొచ్చుకొని పోవుటచే లోపలి అద్దమును పైకెత్తి నిలుపవలసి వచ్చెడిది. 1970వ దశకమున ఆ సంస్థయే 220 డిగ్రీలను చూడగల, 5 కిలోగ్రాములకు మించిన కటకమును చేసినది. అనగా అది తన వెనుకను సైతము కొంత చూచును. తీయువాడు ఏమరినచో తన పాదములే చిత్రములో పడును.

పిమ్మట కంప్యూటరు వచ్చినది. జర్మనీకి చెందిన ఆచార్యుడు హెల్ముట్ డెర్ష్ 1998లో వెలువరించిన పనోరమా టూల్స్ వంటి ప్రోగ్రాములు, చేపకంటి చిత్రములోని ప్రతి చుక్కను లెక్కప్రకారము కదలించి సరళరేఖల చిత్రముగ మార్చగలవు. సామాన్య చిత్రమును వంచి చేపకంటి రూపమునూ కల్పింపగలవు. కటకమేల, ప్రోగ్రాము చాలదా యను ప్రశ్న సహజము. ఒక తేడాను మరువరాదు. 60 డిగ్రీల చిత్రమును ఎంత వంచినను అందులో 60 డిగ్రీల లోకమే యుండును. ఆకారము చేపకంటిది, చూపు మాత్రము పాతదే. నిజముగ విశాలదృశ్యము కావలెనన్నచో కెమెరాను త్రిప్పుచు పలు చిత్రములు తీసి, వానిని కుట్టి, అటుపైన వంపవలెను. కదలని మండపమునకు ఇది చాలును. పరుగెత్తు మబ్బులకును, ఊగు కొమ్మలకును చాలదు. ఎదురుదిశలోను హద్దు కలదు. దగ్గరగ నొక్కుకొన్న అంచులను సాగదీసినప్పుడు వివరము పలుచబడును. ఇటీవలి కొన్ని ప్రోగ్రాములు చిత్రములో లేని అంచులను ఊహించి పూరించుచున్నవి. బొమ్మగా అవి ముచ్చట గొలుపవచ్చును. కాని ఆ ఊహించిన కొమ్మల సందున ఎండను కొలుచుట ఎట్లు?

కాబట్టి గీత వంగినంతమాత్రమున చిత్రము బొంకినదనరాదు. తిన్నగ నున్నంతమాత్రమున నిజము పలికినదనరాదు. ఈ చిత్రము దేనిని విడిచి దేనిని నిలుపుకొన్నది, ఇందులో కన్ను చూచినదెంత, చేయి కల్పించినదెంత అని అడుగుట మేలు. వుడ్ బాల్చీలోని నీరు లోకమును ఎంత వంచినను, దానిపై నిజముగ పడిన వెలుగునే ఫలకమునకు అందించినది. దీని విలువ అంతయు అందులోనే యున్నది.