కోటగోడలలో వినవచ్చు కేకలు

అకాలమరణము, అందును పరహస్తమున కలిగిన దుర్మరణము, జరిగిన తావున ప్రాణము విడిచినవాని ఆర్తి నిలిచియుండునని లోకమున ఒక నమ్మకము కలదు. ఇది మన తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. 1536లో లండను దుర్గమునందు శిరచ్ఛేదము నొందిన ఆన్ బొలీన్ రాణి నేటికిని ఆ దుర్గమున సంచరించునని ఆంగ్లేయులు చెప్పుకొందురు. మన పల్లెలలో "అచ్చట గాలి సోకును, చీకటిపడ్డాక పోవలదు" అని పెద్దలు పిల్లలను వారించుటయు ఇట్టిదే. ఈ నమ్మకమును పరిహసించుట సులభము; గ్రుడ్డిగా అనుసరించుట అంతకంటె సులభము. రెండును గాక, అట్టి తావులలో మనకు కలుగు జలదరింపు ఏమని, అది మనల నేమి కోరుచున్నదని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఉద్యోగవిరమణము పిమ్మట నేను తీరికగా చూచిన స్థలములలో రెండింటిని మాత్రమే ఇచ్చట ప్రస్తావింతును. ఒకటి పుణె నగరములోని శనివారవాడ; రెండవది వేలూరు కోట. రెండింటి చుట్టును మన తెలుగు కుటుంబములు తరతరములుగ కాపుర ముండుటచే, ఇవి మనకు పరాయి తావులు కావు.

శనివారవాడ

మొదటి బాజీరావు పీష్వా 1730 జనవరి 10వ తేదీన ఈ మహాసౌధమునకు శంకుస్థాపన చేసెను. 1732 జనవరి 22న గృహప్రవేశము జరిగెను. రెండును శనివారములే యగుటచే ఆ పేరు వచ్చినది. ఒకప్పుడు అంతస్తులపై అంతస్తులతో విలసిల్లిన ఆ భవనము 1828 ఫిబ్రవరి 27న అంటుకొన్న అగ్నికి ఆహుతి యయ్యెను. ఆ మంటలు ఏడుదినములు ఆఱలేదట. నేడు మిగిలినవి రాతిగోడలు, బురుజులు, అయిదు ద్వారములు, లోపల పునాదుల గుర్తులు మాత్రమే.

ఈ వాడలో 1773 ఆగష్టు 30న, వినాయక చవితి ఉత్సవముల దినములలో, నారాయణరావు పీష్వా హత్య జరిగెను. ఆతడు నానాసాహెబు మూడవ కుమారుడు. పెద్దయన్న విశ్వాసరావు 1761లో పానిపట్టు యుద్ధమున మడిసెను. రెండవ యన్న మాధవరావు 1772 నవంబరులో క్షయరోగముచే గతించెను. అట్లు పీఠ మెక్కిన నారాయణరావునకు చనిపోవునాటికి పదునెనిమిది సంవత్సరములు నిండి ఇరువది దినములే యయినవి. పినతండ్రి రఘునాథరావు అధికారకాంక్షచే అదివఱకే నిర్బంధమున నుండెను. ఆ నిర్బంధము కూడ ఆ వాడలోనే. గార్దీలనబడు కూలిసైనికులు సుమేరుసింగు మొదలగువారి నాయకత్వమున లోనికి చొరబడిరి. బాలుడు ప్రాణభీతితో గదులవెంట పరుగిడి పినతండ్రినే కౌగిలించుకొని "కాకా, మలా వాచవా", అనగా "బాబాయీ, నన్ను కాపాడుము", అని మొఱపెట్టుకొనెనని చెప్పుదురు. మొఱ ఫలింపలేదు. అడ్డుపడిన సేవకులును కూలిరి. కళేబరమును రాత్రివేళ వాడనుండి బయటికి తీసికొనిపోయిన ద్వారమునకు నారాయణ ద్వారమను పేరు నేటికిని నిలిచియున్నది.

ఇచ్చట ఒక జనశ్రుతి కలదు. రఘునాథరావు గార్దీలకు వ్రాసిన చీటిలో నారాయణరావును "ధరావే", అనగా పట్టుకొనుడని, యుండగా, ఆతని భార్య ఆనందీబాయి "ధ"కారమును "మ"కారముగ దిద్ది "మారావే", అనగా చంపుడని, చేసెనని మరాఠీలు చెప్పుకొందురు. ఇది రుజువైన సంగతి కాదు. ఐనను, జీవితమంతయు కచేరీ కాగితములు నకలు వ్రాసినవాడ నగుటచే ఈ కథ నా మనస్సునకు బాగుగ పట్టినది. ఒక్క అక్షరము మాఱిన మనుష్యుని బ్రతుకే తాఱుమాఱగుట గుమాస్తాలకు తెలిసినంతగ ఇతరులకు తెలియదు.

పున్నమిరాత్రులందు ఆ వాడలో "కాకా, మలా వాచవా" అను కేక వినవచ్చునని పుణెలో ప్రతీతి. అచ్చటి మన పద్మశాలి, కామాటి కుటుంబముల పిల్లలు కూడ ఈ కథను మరాఠీలోనే చెప్పుకొందురు. మా పెద్దమ్మాయి ఆ యూర కాపురమున్నది. ఆమె కుమారుడు నాతో వాడ చూచుటకు వచ్చి, "తాతయ్యా, కేక సరే, ఆ కాకా ఎందుకు కాపాడలేదు?" అని యడిగెను. దయ్యపుకథ లన్నిటిలో అడుగవలసిన ప్రశ్న ఇదియే. కేక నిజముగ వినబడునా యని అందఱు నడుగుదురు; విన్నవాడేమి చేసెనని అడుగువారు అరుదు.

ఆ ప్రశ్నకు చరిత్ర సమాధాన మిచ్చుచున్నది. రఘునాథరావు పీష్వా పదవిని చేజిక్కించుకొన్నను, న్యాయాధీశుడైన రామశాస్త్రి ప్రభుణే విచారణ జరిపి ఆతనిని దోషిగ నిర్ణయించెను. ఈ పాపమునకు దేహాంతమే ప్రాయశ్చిత్తమని మొగముమీదనే చెప్పి, ఆ ప్రభువు కొలువు వదలి పుణె విడిచిపోయెనని ప్రసిద్ధి. నారాయణరావు భార్య గంగాబాయి 1774 ఏప్రిలు 18న మగశిశువును కనెను. నానా ఫడ్నవీసు మొదలగు పెద్దలు ఆ శిశువునే పీష్వాగ నిలిపిరి. రఘునాథరావు ఆంగ్లేయులను శరణుచొచ్చుటచే 1775 మొదలు 1782 వఱకు మరాఠాలకును ఆంగ్లేయులకును మొదటియుద్ధము జరిగెను. ఒక యింటి గదిలో పొడిచిన కత్తి దేశమునకు తగిలినది. ఆ శిశువే సవాయి మాధవరావు. ఆతడును 1795 అక్టోబరులో అదే వాడ పైయంతస్తునుండి పడి, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున మరణించెను.

వేలూరు కోట

ఇక వేలూరు. ఇది మనకు మఱింత దగ్గఱి కథ. విజయనగర సామ్రాజ్యము తళ్ళికోట యుద్ధము పిమ్మట క్షీణించి, అరవీటి వంశపురాజులు పెనుగొండ, చంద్రగిరి, వేలూరులనుండి పాలించిరి. 1614 అక్టోబరులో వేంకటపతిరాయలు మరణించుచు తన యన్నకుమారుడైన శ్రీరంగరాయలకు రాజ్యము నొసగెను. ఆతనినే చిక్కరాయలందురు. రాణి బంధువైన గొబ్బూరి జగ్గరాయడు వేఱొక బాలుని రాజకుమారుడని నిలువబెట్టి, శ్రీరంగుని కుటుంబసహితముగ చెఱనుంచెను. వెలుగోటి యాచమనాయడు మాత్రము శ్రీరంగుని పక్షము విడువలేదు. చెఱలోని వారికి బట్టలుతుకు చాకలి నొకనిని సహాయముగ గొని, బట్టలమూటలో దాచి, రాజకుమారులలో ఒక బాలుని బయటికి తెప్పించెను. మిగిలినవారిని విడిపింప చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. కడకు జగ్గరాయని యాజ్ఞచే శ్రీరంగరాయలు, ఆయన భార్య, బిడ్డలు ఆ చెఱలోనే హతమైరి. ఈ వృత్తాంతమును పోర్చుగీసు పాదరీ బర్రదాసు 1616లో ఒక జాబున వ్రాసెను. రాబర్టు సూయెల్ దొర 1900లో వెలువరించిన విజయనగర చరిత్రలో దాని ఆంగ్లానువాదము కలదు.

మూటలో వెడలిన బాలుడే రామదేవరాయలు. యాచమనాయడును, తంజావూరు రఘునాథనాయకుడును కలిసి, కావేరి తీరమున కల్లణై చేరువనున్న తోపూరు యుద్ధమున (1616–17) జగ్గరాయనిని సంహరించి ఆ బాలునకు పట్టము గట్టిరి. తెలుగున కవియు, తెలుగు కవులకు పోషకుడును అయిన రఘునాథుడు ఈ యుద్ధమునకు నడచినవాడే. చంపించినవాడు, చచ్చినవారు, కాపాడినవారు, అందఱును తెలుగు కొలువునకు చెందినవారే. కాని వేలూరిలో మన పిల్లలను అడిగిచూడుడు. నూటికి ఒక్కడైన ఈ కథ చెప్పగలడా?

అదే కోటలో 1806 జూలై 10వ తేదీన సిపాయిల తిరుగుబాటు జరిగెను. ఆ తెల్లవాఱుజామున నూఱుమందికి పైగ ఆంగ్లసైనికులు హతులైరి. ఆర్కాటునుండి గిలెస్పీ దొర గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను పట్టుకొనిన పిమ్మట సిపాయిలు మూడువందలకు పైబడి చంపబడిరి. వారిలో పలువురను ఒక గోడకు వరుసగ నిలిపి కాల్చిరి.

ఆ జలదరింపు

నేను ముప్పది యేండ్లు వేలూరిలో గుమాస్తాపని చేసితిని. అగడ్త ప్రక్కగ ప్రతిదినము నడచితిని. ఆ కాలమున నాకు ఏ ఛాయయు కనబడలేదు, ఏ మూలుగును వినబడలేదు. విరమణము పిమ్మట సూయెల్ గ్రంథము చదివి, ఒక సాయంకాలము ఒంటిగ కోటలోనికి పోయితిని. పాతకట్టడముల నడుమ నిలిచినంతనే మెడవెనుక చల్లగ ఎవరో ఊపిరి విడిచినట్లయ్యెను. అరచేతులు చెమర్చినవి. వెనుక ఎవరో నిలిచియున్నట్లు దృఢముగ తోచినది. తిరిగి చూచితిని, ఎవరును లేరు. అగడ్తనీటిపైనుండి వచ్చు గాలి కమానులలో దూఱి బుసకొట్టుచుండెను. గబ్బిలములు కదలుచుండెను.

ఇట్టి యనుభవములకు శాస్త్రజ్ఞులు కారణములు వెదకిరి. ఇంగ్లండులో కొవెంట్రీ యందు విక్ టాండీ యను ఇంజనీరునకు, దయ్యమున్నదని పేరుపడిన ప్రయోగశాలలో చలియు, భయమును, ప్రక్కన బూడిదవర్ణపు ఆకారమును తోచినవి. పరిశీలింపగ, క్రొత్తగ బిగించిన ఒక పంకా, చెవికి వినరాని మందధ్వనిని, సెకనుకు సుమారు 19 కంపనములతో, పుట్టించుచుండెను. ఆ పంకా సర్దగనే దయ్యము పోయెను. 1998లో ఆయన ఈ సంగతి ప్రకటించెను. ప్రతి పాతగోడకును ఇదియే కారణమని నేననను. కాని మసకవెలుగు, ప్రతిధ్వని, చల్లగాలి, ఒంటరితనము కలిసినచోట మనస్సు ఆకారములను కల్పించుకొనుట సహజమే.

అయినను నా యనుభవమున ఒక విశేషము కలదు. గోడలు అవియే, గాలి అదియే, నేను నేనే. ముప్పది యేండ్లు లేనిది ఆనాడు కలుగుటకు కారణము నాకు కథ తెలియుటయే. వెనుక నిలిచినది ప్రేతము కాదు. నేను చదివిన సంగతి. ఎఱుక లేనివానికి కోట రాళ్ళగుట్ట. ఎఱుక గలవానికి అది సాక్షి.

మన పూర్వుల మార్గము

దుర్మరణము చెందినవారి విషయమున మన తెలుగు పూర్వులు భయముతో ఆగిపోలేదు. పోరున పడినవానికి వీరగల్లు నిలిపిరి. అకాలమున అసువులు బాసిన ఆడుబిడ్డను పేరంటాలుగ కొలిచి పసుపు కుంకుమ లిచ్చిరి. పల్నాటి యుద్ధమున మడిసిన వీరులకు కారెంపూడిలో ప్రతివత్సరము కార్తికమాసమున ఉత్సవము జరుగుచున్నది. పేరు పెట్టి పిలిచి, దీపము పెట్టి, కథ చెప్పినచో ఆ ప్రాణము గృహదేవత యగును, మఱచిపోయినచో దయ్యమగును. ఈ యాచారములో గల వివేకమిది యని నాకు తోచుచున్నది.

వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయము సుమారు నాలుగువందల యేండ్లు దేవుడు లేక, పూజ లేక యుండెను. 1981లో ప్రజలు లింగమును మరల లోపల ప్రతిష్ఠించిరి. నేడు అచ్చట గంట మ్రోగుచున్నది, జనులు నిర్భయముగ తిరుగుచున్నారు. అదే రీతిని కథకును పునఃప్రతిష్ఠ కావలెను. మనము పరభాషల నడుమ నివసించువారము. మన బిడ్డలు బడిలో తమ రాష్ట్రపు చరిత్ర చదువుదురు, అది చదువదగినదే. కాని శ్రీరంగరాయలను, యాచమనాయనిని వారికి చెప్పువారు ఇంటివారు తప్ప వేఱెవ్వరు?

చెప్పునపుడు కేకను మాత్రమే చెప్పి పిల్లలను బెదరింపవలదు. శనివారవాడ కథలో రామశాస్త్రిని విడువవలదు. వేలూరు కథలో మూట మోసిన ఆ చాకలిని విడువవలదు. రాజుల పేర్లు, ద్రోహుల పేర్లు కాగితముల కెక్కినవి. ఆ చాకలి పేరు ఎక్కలేదు. పట్టుబడిన ప్రాణము పోవునని యెఱిగియు ఆతడు కావలివారి కన్నులయెదుట బాలుని బుజముపై మోసికొని నడచెను. ఆనాడు ఆ మూట బరువునకు అతని అడుగు తడబడియున్నచో రామదేవరాయలు లేడు. ఈ సంచిక చదువు సోదరీసోదరు లెవరైన వేలూరు పోయినచో, దయ్యమును వెదకుటకు మాఱు, ఆ పేరులేని పుణ్యాత్మునకు కోటవాకిట నొక నమస్కార మర్పింపుడు. ప్రక్కన పిల్లలున్నచో ఎందులకో తెలుగున చెప్పుడు.